ఏరు దాటినవాళ్ళం, తెప్ప తగలేద్దామా?



రెండు నెలల క్రితం ఒక శనివారం రాత్రి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడికి అక్కడ ఆదివారం ఉదయం. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. ఎమ్మెస్‌కి ఇక్కడికి రావాలని ఆలోచన. కుశల ప్రశ్నలు అయ్యాక అసలు సంగతికి వచ్చాడు. "మావయ్యా, జీఆర్ఈ రాయాలా, అక్కర్లేదా? కన్సల్టెన్సీ వాళ్ళు దండగ అంటున్నారు. జీఆర్ఈ అడగని యూనివర్సిటీలు బోలెడు ఉన్నాయట. అమ్మ నిన్నడగమంది."

రేపు చెప్తానురా అని ఫోన్ పెట్టేశాను. నిజానికి నా దగ్గర సమాధానం లేదు. మన రోజుల్లో ఎవరమూ వేసుకోని ప్రశ్న అది. అమెరికా వెళ్ళాలంటే జీఆర్ఈ రాయాలి, అంతే. వెర్బల్‌లో ఎంత వస్తుందన్నదే మన బెంగ. ఆ తర్వాత వారం రోజులు అవీ ఇవీ చదివాను. ఇక్కడ పాఠాలు చెబుతున్న ఒకరిద్దరు మిత్రులతో మాట్లాడాను. చివరికి నాకంటూ ఒక అభిప్రాయం ఏర్పడింది. మీలో కొందరు ఒప్పుకోరని తెలిసే ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ఇది. జీఆర్ఈ గొప్ప పరీక్షేమీ కాదు. కానీ పేరు లేని కాలేజీలో చదివిన పిల్లవాడు ఎవరి సిఫారసూ లేకుండా తన సత్తా తాను చూపించుకోగలిగిన చోట్లలో అదొకటి. దాన్ని పక్కన పెట్టాక ఆ స్థానంలోకి వచ్చినవాటిలో చాలా భాగం డబ్బు పెట్టి కొనుక్కోగలిగినవి. ఆ తెప్ప ఎక్కి ఏరు దాటిన మనం ఇప్పుడు "పోనీలే, పాత చాదస్తం" అనుకుని ఊరుకోవడం న్యాయం కాదు.

విద్యానగర్ గది

ముందు నా కథ కొంచెం చెప్పాలి. నాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లెటూరు. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. ఎంసెట్ పుణ్యమా అని ఇంజనీరింగ్‌లో చేరాను. 2000లో హైదరాబాదు విద్యానగర్‌లో ఒక మేడ మీది గదిలో నేనూ, నా స్నేహితుడూ ఉండేవాళ్ళం. వాడిదీ మా వైపే. వాళ్ళ నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. క్లాసులో నాకంటే చురుకైనవాడు వాడే. ఈ మాట వినయం కోసం చెప్పడం లేదు, మార్కుల జాబితాలే చెబుతాయి.

కోఠీలో సగం ధరకు పాత బ్యారన్స్ పుస్తకం ఒకటి కొన్నాం. అందులో మూడున్నర వేల మాటలు, యాభై జాబితాలుగా. మాకంటే ముందు దాన్ని చదివిన మహానుభావుడు ఎక్కడ చేతులెత్తేశాడో పుస్తకం చూస్తేనే తెలిసేది. మొదటి పది జాబితాలు నలిగి, నూనె మరకలతో ఉండేవి. ఆ తర్వాతి పేజీలు కొత్త పెళ్ళికూతురిలా తళతళలాడేవి. పాత క్యాలెండర్లు చీటీలుగా కత్తిరించి ఒకవైపు ఇంగ్లీషు మాట, రెండోవైపు తెలుగు అర్థం రాసుకున్నాం. లాకోనిక్ అంటే మితభాషి. గారలస్ అంటే వాగుడుకాయ. మొదటిది మెస్ యజమానికి, రెండోది ఇంటి ఓనరుగారికి పేర్లుగా స్థిరపడిపోయాయి. ఇప్పటికీ ఆ మాటలు ఎక్కడైనా కనిపిస్తే ఆ ఇద్దరే గుర్తొస్తారు.

అప్పట్లో వెర్బల్, క్వాంటిటేటివ్, అనలిటికల్ అని మూడు భాగాలు. ఒక్కోదానికి 800, మొత్తం 2400. క్వాంట్ మనకు పెద్ద విషయం కాదు. ఇంటర్మీడియట్‌లో రాచి రంపాన పెట్టినవాళ్ళకు పదో తరగతి స్థాయి లెక్కలు ఒక లెక్కా? 800కి ఒక్కటి తగ్గినా నామోషీ. అనలిటికల్‌లో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, ఎవరి ముందు ఎవరు నిలబడాలి అనే చిక్కుముళ్ళు. వాటిలో మా వాడు మొనగాడు. నేను బొమ్మ గీసుకునేలోపు వాడు జవాబు చెప్పేవాడు.

పరీక్ష ఫీజు వంద డాలర్ల పైమాట. డాలరు అప్పుడు 45 రూపాయల చుట్టూ ఉండేది. డ్రాఫ్టు ఖర్చులతో కలిపి అయిదు వేలు దాటేది. దాని వెనకాల టోఫెల్ ఫీజు, ఆపైన యూనివర్సిటీల అప్లికేషన్ ఫీజులు. మా నాన్న సొసైటీలో అప్పు తీసి నాకు డబ్బు పంపారు. మా వాడి నాన్నకు అప్పిచ్చే సొసైటీ లేదు, తాకట్టు పెట్టడానికి ఎకరమూ లేదు. "వచ్చే ఏడాది రాస్తాలేరా, ముందు ఏదైనా ఉద్యోగం చూసుకుంటా" అన్నాడు. నా పరీక్షకు ముందు రోజు రాత్రి రెండింటిదాకా కూర్చుని నన్ను చీటీలు అడిగింది వాడే.

నేను తొమ్మిది యూనివర్సిటీలకు అప్లై చేశాను. అందులో మూడు చోట్ల నాకు సీటు రాదని పంపేటప్పుడే తెలుసు. ఆ మూడు మానేసుంటే వాడి పరీక్ష ఫీజు చాలావరకు వచ్చేది. ఆ లెక్క నాకప్పుడే తట్టింది. కానీ నోరు తెరిచి వాడితో అనలేదు. వాడు అడగలేదు, నేను ఇవ్వలేదు. ఆ వచ్చే ఏడాది వాడికి ఎప్పుడూ రాలేదు. జీఆర్ఈ గురించి ఎవరేం మాట్లాడినా నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

చీటీలు నేర్పనిది

పరీక్షలో మార్కులు బాగానే వచ్చాయి. ఇక్కడికి వచ్చాక మొదటి సెమిస్టర్‌లోనే అసలు రంగు బయటపడింది. ఒక కోర్సులో వారానికి నాలుగు పరిశోధనా పత్రాలు చదివి ఒక్కోదాని మీద ఒక పేజీ రాయాలి. నేను పత్రంలో ఉన్నదంతా పొందికగా కుదించి రాసి ఇచ్చాను. "ఇందులో నీ అభిప్రాయం ఎక్కడ?" అని ఎర్ర సిరాతో రాసి వెనక్కిచ్చారు. నాకు ప్రశ్నే అర్థం కాలేదు. అచ్చయిన దాని మీద నాకో అభిప్రాయం ఉండొచ్చని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మూడున్నర వేల మాటలకు అర్థాలు తెలుసు. ఒక రచయిత ఏమంటున్నాడు, ఎందుకంటున్నాడు, ఎక్కడ తడబడ్డాడు అని చూసే చదువు మాత్రం రాదు. అది పట్టుబడటానికి ఏడాదిన్నర పట్టింది.

అందుకే జీఆర్ఈని విమర్శించేవాళ్ళ మాట నేను కొట్టిపారేయను. మన ప్రిపరేషన్‌లో సగం వృథా శ్రమే. ఆ మాట పరీక్ష పెట్టినవాళ్ళు కూడా గ్రహించినట్టున్నారు. 2002 అక్టోబరులో అనలిటికల్ చిక్కుముళ్ళు తీసేసి వ్యాసరచన పెట్టారు. 2011 ఆగస్టులో పరీక్షను ఇంకా మార్చారు. వ్యతిరేక పదాలు, అనాలజీలు పోయాయి. 800 పోయి 130 నుంచి 170 వరకు కొలత వచ్చింది. బట్టీ తగ్గి, చదివి అర్థం చేసుకోవడానికి ప్రాముఖ్యం పెరిగింది. 2023 సెప్టెంబరులో దాన్ని రెండు గంటల లోపుకి కుదించారు. రెండు వ్యాసాల బదులు ఒకటే రాయాలి. అంటే మనం రాసిన పరీక్షకూ ఇప్పటి పరీక్షకూ పేరు తప్ప పెద్దగా పోలిక లేదు. అయినా మన కుర్రాళ్ళ ఫోన్లలో ఇంకా ఆ పాత మాటల జాబితాలే తిరుగుతున్నాయి. మనమే "మా రోజుల్లో" అంటూ వాటిని ఫార్వర్డ్ చేస్తున్నాం.

తీసేయమనేవాళ్ళ వాదన

2014లో కేసీ మిల్లర్, కెయివాన్ స్టాసన్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో రాస్తూ జీఆర్ఈని గట్టిగా తప్పుపట్టారు. ఎంతోమంది ప్రొఫెసర్లు ఒక అంకె గీత గీసి, దానికి దిగువన ఉన్న దరఖాస్తుల్ని చదవకుండానే పక్కన పడేస్తున్నారని, దానివల్ల మహిళలూ, నల్లజాతి వంటి మైనారిటీ వర్గాలవారూ నష్టపోతున్నారని, పీహెచ్‌డీలో ఎవరు నెగ్గుకొస్తారో ఆ మార్కులు సరిగా చెప్పలేవని వారి వాదన. పరీక్ష నిర్వహించే ఈటీఎస్ కూడా మార్కుల్ని మాత్రమే ఆధారం చేసుకుని గీత గీయొద్దనే చెబుతుంది. కాబట్టి ఇందులో తప్పుపట్టేదేమీ లేదు. క్రమంగా జీవశాస్త్రం వంటి విభాగాలు జీఆర్ఈని వదిలేశాయి. 2020లో కరోనా వచ్చి పరీక్షా కేంద్రాలు మూతపడటంతో మిగతావి కూడా చాలా వదిలేశాయి. కరోనా పోయినా చాలాచోట్ల పరీక్ష తిరిగి రాలేదు.

అయితే ఆ వాదనంతా అమెరికా పిల్లల్ని, అందులోనూ పీహెచ్‌డీకి వచ్చేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేసింది. అక్కడి ప్రొఫెసర్‌కు ఇక్కడి కాలేజీలు తెలుసు. సిఫారసు రాసిన మనిషి కూడా తెలిసే ఉండొచ్చు. ఎమ్మెస్‌కి అప్లై చేసే మన ఊళ్ళ పిల్లల సంగతి వేరు. ఐఐటీ అంటే ఇక్కడ గుర్తుపడతారు, ఎన్ఐటీ అన్నా కొందరు గుర్తుపడతారు. జిల్లాకో పదిహేను ఉన్న మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏది మంచిదో, ఏది కాదో అడ్మిషన్ల కమిటీకి ఎలా తెలియాలి? అన్ని ట్రాన్‌స్క్రిప్టుల మీదా డెబ్భై అయిదు శాతం, ఎనభై శాతం అనే ఉంటుంది. జీఆర్ఈ పోయాక వాళ్ళు మరి దేన్ని చూస్తున్నారు?

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ చూస్తారు. దాన్ని కన్సల్టెన్సీలో ప్యాకేజీలో భాగంగా రాసిపెడతారు. సిఫారసు లేఖలు చూస్తారు. మన కాలేజీల్లో చాలాచోట్ల ఆ లేఖ విద్యార్థే రాసుకుని తీసుకెళితే హెచ్ఓడీ గారు సంతకం పెడతారు. ఇది మనలో ఎవరికి తెలియదు? పరిశోధనా పత్రాలు చూస్తారు. డబ్బు కడితే నాలుగు రోజుల్లో అచ్చువేసే జర్నల్స్‌కు కొదవ లేదు. ఇంటర్న్‌షిప్ చూస్తారు. బాబాయికి కంపెనీ ఉన్నవాడికి అది ఇంట్లోనే దొరుకుతుంది. వీటిలో ఏది మా ఊరి హైస్కూలు నుంచి వచ్చిన కుర్రాడికి నాకంటే, మా స్నేహితుడికంటే తేలికగా అందుతుంది?

జీఆర్ఈకి కూడా అడ్డదారులు లేవా అంటే ఉన్నాయి. ప్రశ్నలు గుర్తుపెట్టుకొచ్చి వెబ్‌సైట్లలో పెడుతున్నారని 2002లో చైనా, తైవాన్, దక్షిణ కొరియాల్లో కంప్యూటర్ పరీక్ష ఆపేసి మళ్ళీ కాగితం మీద పెట్టారు. 2020 నుంచి ఇంట్లో కూర్చుని రాసే వీలు వచ్చాక "మీ బదులు మేం రాసిపెడతాం" అనే మెసేజులు మా మేనల్లుడికే రెండు వచ్చాయి. పట్టుబడితే మార్కులు రద్దు, ఆపైన జీవితాంతం మచ్చ. కానీ దొంగలున్నారని తలుపు పీకేసుకోం కదా. పరీక్షలో మోసం చేస్తే దాన్ని మోసం అంటారు. ఎస్ఓపీ రాయించుకుంటే మాత్రం సర్వీసు అంటారు. తేడా అదే.

ఇది నా ఒక్కడి ఊహ కాదనడానికి అండర్‌గ్రాడ్యుయేట్ చదువుల నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. కరోనా సమయంలో శాట్ పరీక్షను ఐచ్ఛికం చేసినవాటిలో ఎంఐటీ 2022లో, డార్ట్‌మత్ 2024లో తిరిగి తప్పనిసరి చేస్తున్నట్టు ప్రకటించాయి. డార్ట్‌మత్ తన లెక్కలు తాను చూసుకుంటే తేలిందేమిటంటే, వెనకబడిన నేపథ్యం నుంచి వచ్చిన పిల్లలు తమకు మేలు చేయగలిగిన మార్కుల్ని కూడా తక్కువనుకుని పంపకుండా దాచుకుంటున్నారు. పరీక్ష తీసేస్తే బీదవాడికి మేలు అనుకున్నారు. తీరా చూస్తే బీదవాడి చేతిలో ఉన్న ఒక్క కాగితమూ పోయింది. శాట్‌కీ జీఆర్ఈకీ తేడాలున్నాయి, కాదనను. కానీ మన పిల్లల విషయంలో ఈ పాఠం ఇంకా గట్టిగా వర్తిస్తుందని నా నమ్మకం.

దండగ అనేది ఎవరికి?

కన్సల్టెన్సీ వాళ్ళు జీఆర్ఈ దండగ అని ఎందుకంటారు? చాలా కన్సల్టెన్సీలకు తమతో ఒప్పందం ఉన్న యూనివర్సిటీల నుంచి చేరిన విద్యార్థికింత అని కమీషన్ వస్తుంది. కుర్రాడు నాలుగు నెలలు కూర్చుని చదివి, మంచి మార్కులు తెచ్చుకుని, కమీషన్ ఇవ్వని మంచి పబ్లిక్ యూనివర్సిటీకి వెళ్ళిపోతే వాళ్ళకేం మిగులుతుంది? అందరూ అలాంటివాళ్ళేనని అనను. కానీ సలహా చెప్పేవాడికి ఆ సలహా మీద ఎంత వస్తుందో తెలుసుకునే హక్కు తల్లిదండ్రులకు ఉండాలి.

జీఆర్ఈ అడగని యూనివర్సిటీలన్నీ నాసిరకం అని కూడా నేననడం లేదు. పేరున్న డిపార్టుమెంట్లే ఎన్నో అడగడం లేదు. కానీ "ఏ పరీక్షా అక్కర్లేదు, ఏ ఇబ్బందీ లేదు" అనే మాటను మనవాళ్ళు ఇదివరకు ఎక్కడెక్కడ నమ్మారో గుర్తుందా? 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు చిక్కుకున్నవాళ్ళలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్ళకు ఎలక్ట్రానిక్ పట్టీలు కట్టారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో ప్రభుత్వమే పన్నిన వలలో 130 మంది దాకా పట్టుబడ్డారు. అందులోనూ మనవాళ్ళే ఎక్కువ. ఆ రెండూ వీసాకు సంబంధించిన వ్యవహారాలు, జీఆర్ఈతో నేరుగా సంబంధం లేదు. కానీ తేలిక దారి చూపించేవాడి వెనకాల గుంపుగా పోయే అలవాటు మాత్రం ఒకటే.

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. పదిహేనేళ్ళలో మొదటిసారి చైనాను దాటిపోయాం. గర్వపడదాం, తప్పులేదు. కానీ వీళ్ళలో ఎంతమంది వెనకాల తాకట్టు పెట్టిన ఇళ్ళున్నాయి? మా అక్క వాళ్ళు కూడా ఇల్లు పెట్టి నలభై లక్షల అప్పుకు మాట్లాడుకుని ఉన్నారు. 2025 మే నెలాఖరులో కొత్త విద్యార్థి వీసాల ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం కొన్ని వారాలు ఆపేస్తే ఎన్ని ఇళ్ళలో అన్నం సహించలేదో మనం ఫోన్లలో విన్నాం. ఇలాంటి రోజుల్లో ఒక కుర్రాడు తాను ఆ చదువుకు సిద్ధంగా ఉన్నాడో లేదో అప్పు చేయకముందే తెలుసుకోవడం దండగా? నా దృష్టిలో జీఆర్ఈ ప్రిపరేషన్ వల్ల అసలు లాభం అదే. జీఆర్ఈ స్కోరు అయిదేళ్ళు నిలుస్తుంది. అప్పు మీద వడ్డీ అయిదు రోజులు కూడా ఆగదు.

మేనల్లుడికి చెప్పింది

మరుసటి వారం వాడికి ఫోన్ చేసి చెప్పాను. మీ ఇళ్ళలో కూడా ఎవరైనా అడుగుతుంటారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు కన్సల్టెన్సీ జాబితా పక్కన పెట్టి, నువ్వు చేరాలనుకునే డిపార్టుమెంట్ల వెబ్ పేజీలు నువ్వే తెరిచి చదువు. యూనివర్సిటీ మొత్తానికి ఒక నియమం, డిపార్టుమెంటుకు ఇంకో నియమం ఉండొచ్చు. కొన్ని జీఆర్ఈ తప్పనిసరి అంటాయి, కొన్ని ఇష్టమైతే పంపమంటాయి, కొన్ని పంపినా చూడం అంటాయి. మూడో రకానికి పంపకు. రెండో రకంలో మార్కులు బాగుంటే తప్పకుండా పంపు. నీ కాలేజీ పేరు వాళ్ళకు తెలియదు కాబట్టి నీ తరఫున మాట్లాడేది అదే.

రెండోది, కోచింగ్‌లో చేరకముందే ఈటీఎస్ వాళ్ళు ఉచితంగా ఇచ్చే పవర్‌ప్రెప్ పరీక్షలు రెండున్నాయి, ఒకటి కూర్చుని రాయి. వాడు రాశాడు. క్వాంట్ 164, వెర్బల్ 146. క్వాంట్‌లో పోయిన మార్కులు లెక్క రాక పోయినవి కావు, ప్రశ్న సగమే చదివి జవాబు కొట్టేయడం వల్ల పోయినవి. ఎంసెట్ కోసం నేర్పిన వేగమే ఇక్కడ కొంప ముంచుతుంది.

మూడోది, మాటల జాబితాలు కాదు, చదవడం నేర్చుకో. రోజుకొక పెద్ద వ్యాసం. నీకు ఆసక్తి లేని విషయమైతే ఇంకా మంచిది. చదివాక నాలుగు వాక్యాలు రాయి. రచయిత ఏమంటున్నాడు, ఏ ఆధారంతో అంటున్నాడు, ఏది చెప్పకుండా దాటేశాడు, నువ్వైతే ఏమంటావు. వ్యాసరచనకు వచ్చే అంశాలన్నీ ఈటీఎస్ తన వెబ్‌సైట్‌లోనే ఉచితంగా పెట్టింది. వారానికి రెండు తీసుకుని అరగంటలో రాసి నాకు పంపు. ఒకసారి సరిగా రాయకపోతే కొంప మునగదు. 21 రోజుల తర్వాత మళ్ళీ రాయొచ్చు, బాగా వచ్చిన స్కోరు మాత్రమే పంపుకోవచ్చు.

మొదటి వారం వాడు పంపిన నాలుగు వాక్యాలు చూసి నవ్వొచ్చింది, జాలి వేసింది. వ్యాసాన్ని పొందికగా కుదించి పంపాడు. వాడి అభిప్రాయం ఎక్కడా లేదు. పాతికేళ్ళ క్రితం ఎర్ర సిరాతో నాకొచ్చిన ప్రశ్నే వాడికి పంపాను. ఏడో వారానికి ఒక ఆర్థికవేత్త వ్యాసంతో విభేదిస్తూ పదిహేను వాక్యాలు రాశాడు. అందులో తప్పులున్నాయి. అయినా నాకు చాలా సంతోషమైంది. వచ్చే నెల పరీక్ష. ఎంత వస్తుందో తెలియదు. కానీ మొదటి సెమిస్టర్‌లో నాకు జరిగింది వాడికి జరగదు.

మనం చేయగలిగింది

పరీక్ష ఉండాలి అని వాదించి ఊరుకుంటే సరిపోదు. ఇప్పుడు ఇండియాలో ఆ పరీక్ష ఫీజు ఇరవై వేల రూపాయలు దాటింది. అమెరికాలో అవసరమున్నవాళ్ళకు ఇచ్చే ఫీజు రాయితీ మన ఊళ్ళో ఉన్న పిల్లవాడికి దొరకదు. పరీక్ష రోజున నాలుగు యూనివర్సిటీలకు స్కోరు ఉచితంగా పంపొచ్చు, ఆపైన ఒక్కోదానికీ వేరే రుసుము. ఇంకో విచిత్రం చూడండి. దళిత, గిరిజన విద్యార్థుల కోసం తెలంగాణ ప్రభుత్వం పెట్టిన అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల రూపాయల వరకు సాయం దొరుకుతుంది. ఆ ఎంపికలో జీఆర్ఈ లేదా జీమ్యాట్ స్కోరును కూడా లెక్కలోకి తీసుకునేలా నిబంధనలు పెట్టారు. అంటే డబ్బున్నవాడికి జీఆర్ఈ ఐచ్ఛికం. ప్రభుత్వ సాయంతో రావాల్సినవాడికి కాదు.

అందుకని నా ప్రతిపాదనలు మూడు. ఒకటి, మనలో యాభై మందిమి తలా ఒక పరీక్ష ఫీజు భరిద్దాం. ఇక్కడ ఒక కుటుంబం రెండు మూడు సార్లు బయట భోజనం చేసే ఖర్చు అది. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలు, యూనివర్సిటీ కాలేజీల లెక్చరర్లు సూచించిన పిల్లలకు నేరుగా ఫీజు కడదాం, మధ్యలో ఎవరూ వద్దు. రెండు, డబ్బుకంటే విలువైనది వారానికి ఒక గంట. ఒక్కొక్కరం ఒక్క విద్యార్థిని తీసుకుని వాడు రాసింది చదివి, "నీ అభిప్రాయం ఎక్కడ?" అని అడుగుదాం. వాడి బదులు ఎస్ఓపీ మాత్రం రాసిపెట్టొద్దు. మూడు, విదేశీ విద్య కన్సల్టెన్సీలు ఏ యూనివర్సిటీ నుంచి ఎంత కమీషన్ తీసుకుంటున్నాయో తల్లిదండ్రులకు రాతపూర్వకంగా చెప్పేలా నిబంధన పెట్టమని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ మనం అడగాలి. ఎన్నికలప్పుడు మన విరాళాల కోసం, మన ఫోన్ల కోసం ఎదురుచూసే నాయకులు ఈ ఒక్క మాట వినలేరా?

"ఈ అమెరికా మోజును మనమే ఎగదోయడం ఎందుకు?" అని కొందరంటారు. నేనెవరినీ రమ్మనడం లేదు. ఎలాగూ బయల్దేరుతున్నారు. కళ్ళు తెరుచుకుని బయల్దేరమంటున్నాను. చదివి రాసి చూసుకుని, ఇది తనకు కాదని తెలుసుకుని ఆగిపోయినవాడికి కూడా మేలే జరిగినట్టు. ఇల్లు మిగులుతుంది.

ఇదంతా రాయబోయే ముందు విద్యానగర్ స్నేహితుడికి ఫోన్ చేశాను. వాడిప్పుడు ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతున్నాడు. తొమ్మిది అప్లికేషన్ల సంగతి, ఆ మూడింటి లెక్క పాతికేళ్ళ తర్వాత మొదటిసారి వాడికి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అప్పుడే తెలుసురా నాకు. నువ్వు రాత్రి లెక్క వేసిన కాగితం బల్ల మీదే వదిలేశావు" అన్నాడు. నాకు మాట రాలేదు. వాడే అందుకుని, "అది సరేగానీ, నా క్లాసులో ఇద్దరు పిల్లలున్నారు. ఒకమ్మాయి, ఒకబ్బాయి. మన చిక్కుముళ్ళు ఇస్తే నాకంటే ముందు విప్పుతున్నారు. ఫీజు కడతావా?" అని అడిగాడు.

కట్టాను. యాభై మందిలో ఇంకా నలభై తొమ్మిది మంది కావాలి.